డ్రైవర్లు పంచిన విత్తనాలు

ఆ రోజుల్లో మా ఏన్కూరు చుట్టుపక్కల ఒక విదేశీ విద్యార్థినికి పాఠాలు చెప్పిన గురువు ఒక్కడే ఉండేవాడు. ఆయన ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష ఎగ్గొట్టి, వైరా రిజర్వాయర్ గట్టు మీద చేపలు కాల్చుకుని తింటూ, పరీక్ష ముగించుకుని స్కూటర్ మీద ఇంటికి పోతున్న లెక్కల సారుకే దొరికిపోయి (సారుకు ఒక ముక్క పెట్టి చూశాడు, పని జరగలేదు), ఆ తర్వాత మళ్ళీ బడి గడప తొక్కనివాడు. ఆ గురువుగారు నేనే. నా పాఠశాలకు మూడు చక్రాలు, ఒక హారను, ఉన్నా లేనట్టుండే బ్రేకులు ఉండేవి. ఇప్పుడు ఆ ఆటో లేదు, ఆ దారులకు తారు పడింది, నా నెత్తి మీద వెంట్రుకలు కూడా ఆటో పోయిన దారినే పోయాయి. కానీ మార్చి నెలలో అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వచ్చిందంటే మాత్రం ఒక పిలుపు చెవిలో పడినట్టవుతుంది. ఆ పిలుపు నేను కోరుకున్నది కాదు. నేను కోరుకున్న పిలుపు సంగతి చెప్పడానికే ఇదంతా.

పన్నెండేళ్ల కిందటి మాట. నాకప్పుడు ఇరవై మూడు. ఊళ్లో నన్ను ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు, ఎప్పుడూ వేళాకోళాలాడుతుంటానని కిరికిరి అనేవాళ్లు. నేను 'నాకు జ్వరం వచ్చింది' అన్నా నవ్వేవాళ్లు. అప్పుడు హైదరాబాదులో వ్యవసాయం చదువుతున్న ఒక ఫారిన్ అమ్మాయి ఆరు నెలలు మా ఊళ్లో ఉండటానికి వస్తున్నదని, మా నాయనమ్మ ఇంటి వెనక గది కిరాయికి తీసుకున్నదని తెలిసింది. అడవి పక్క కోయ గూడేల్లో ఆడవాళ్లు ఏ విత్తనాలు దాస్తారు, ఎవరి దగ్గర తీసుకుంటారు, ఎవరికి ఇస్తారు అనేది ఆమె చదువు. ఆమెను రోజూ గూడేలకు తీసుకుపోయి తీసుకొచ్చే పని నాది. ఫారిన్ అనగానే ఊరంతా తెల్లటి మనిషి కోసం ఎదురుచూసింది. నేనైతే ఖమ్మం పోయి బ్రెడ్డు, జామ్ సీసా తెచ్చాను. బస్సు దిగింది టాంజానియా పిల్ల. దిగి, దారిలో బురద చూసి, పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి, మా ఊరి ఆడవాళ్ల కంటే నిటారుగా నడుచుకుంటూ వచ్చింది. నాయనమ్మ ఆ రోజు జొన్న గటక వండుకుంది. ఆ పిల్ల గిన్నెలోకి తొంగి చూసి, చెయ్యి కడుక్కుని కూర్చుని, ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, పచ్చిపులుసులో ముంచి తినేసింది. వాళ్ల ఇంట్లోనూ ఇంతేనట, కాకపోతే మొక్కజొన్న పిండితోనట. "ఎక్కడి ఫారిన్ రా, మన పిల్లే గదా," అంది నాయనమ్మ. ఆ దేశం పేరు నోరు తిరగక టాంజమ్మ అని పేరు పెట్టేసింది. బ్రెడ్డు, జామ్ నేను మూడు రోజులు తిన్నాను.

మేం ఆమెకు నీళ్లు తోడటం, కట్టెల పొయ్యి ఊదటం నేర్పాల్సి వస్తుందనుకున్నాం. అవన్నీ ఆమెకు వచ్చు. మేకను ఎట్లా పట్టుకోవాలో నాకే చెప్పింది. తెలుగు హైదరాబాదు హాస్టల్లో నేర్చుకునే వచ్చింది, తడబడింది మా ఊరి మాటల దగ్గర. మా దగ్గర దారిలో కనబడ్డవాణ్ని "తిన్నవా?" అంటాం, "ఏడికి పోతున్నవ్?" అంటాం. జవాబు కోసం ఎవరూ ఆగరు. టాంజమ్మ ఆగేది. కిరాణా కొట్టు ముందు ఎవరో "తిన్నవా బిడ్డా?" అంటే, ఏం తిన్నదో, కారం ఎంత ఉందో, రెండోసారి వేసుకున్నదో లేదో నిలబడి చెప్పేది. "ఏడికి?" అంటే పోయే గూడెం పేరు, తిరిగొచ్చే టైము కూడా చెప్పేది. వారం తిరక్కుండానే ఊళ్లో సగంమంది ఆమెను ఆ రెండు ప్రశ్నలు అడగడానికే గడపలో కూర్చునేవాళ్లు. మా మాటలు మాత్రం గబగబా పట్టేసింది. "గట్లెట్ల?", "కథలు పడకు" (వేషాలెయ్యకు అని), "జర ఆగు" ఇవి మూడూ ఆమె నోట్లో నా నోట్లో కంటే బాగుండేవి.

కష్టమంతా ఒక్క మాటతో వచ్చింది. హైదరాబాదు హాస్టల్ పిల్లలు ఆమెకు ఒక సూత్రం చెప్పి పంపారు: మగవాళ్లు కనబడితే అన్నా అను, ఆడవాళ్లు కనబడితే అక్కా అను, నీకు తిరుగులేదు. మొదటి రోజు ఆటో ఎక్కుతూ "అన్నా, పోదామా?" అంది. రెండో రోజూ అంది. మూడో రోజుకు నాకు ఆ మాట గొంతులో ముల్లులా దిగబడింది. ఎందుకో ఇరవై మూడేళ్ల వయసున్న పాఠకులకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లు గుర్తు తెచ్చుకోవాలి. నాలుగో రోజు ఆటో స్టార్ట్ చెయ్యకుండా వెనక్కి తిరిగాను.

"చూడు టాంజమ్మా, అన్నా అంటే హైదరాబాద్ల నడుస్తది. మా దిక్కు నడ్వది."

"ఎందుకు? తిట్టా?"

"తిట్టు గాదు. ఆటో తోలెటోణ్ని ఈడ బావా అంటరు. మర్యాద."

"డ్రైవర్ అంటే బావనా?"

"అవ్. డ్రైవర్ అంటే బావ."

ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకుంది. నేను చెప్పిన మాట ఒకరు పుస్తకంలో రాసుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. ఆపాలంటే అప్పుడే ఆపాలి. ఆపబుద్ధి కాలేదు. నోటుబుక్కు మూసి, వెనక సీట్లో సర్దుకుని, "బావా, పోదాం," అంది. ఆ రోజు నా ఆటో గుంతల మీద నుంచి పోయిందో పక్క నుంచి పోయిందో నాకు తెలియదు.

మర్నాడు ఏన్కూరు ఆటో స్టాండులో నా తెలివి బయటపడింది. సూత్రం చెప్పానే కానీ, డ్రైవర్ని నేనొక్కణ్నే కాదన్న సంగతి మరిచిపోయాను. టాంజమ్మ స్టాండులోకి వస్తూనే వరసగా అందరికీ మర్యాద చేసింది. "బావా, నమస్తే. బావా, తిన్నవా? బావా, మీ ఆటోకు ఏమైంది?" మనవళ్లున్న మీసాల పెద్దాయన చేతిలో టీ గ్లాసు ఒరిగి చొక్కా తడిసినా చూసుకోలేదు. ఆ రోజు నుంచి ఆ స్టాండులో గడ్డం పెరిగినవాడు కనబడితే ఒట్టు. ఇస్త్రీ చొక్కాలు వచ్చాయి. మీసాలాయన మీసానికి నల్లరంగు వచ్చింది, దాని వెనకే ఆయన భార్య కూడా వచ్చి ఒక పూట స్టాండులో నిలబడి అందర్నీ చూసి వెళ్లింది. ఎవడైనా ఆ పిల్లకు నిజం చెప్తాడేమోనని రెండు రోజులు భయపడ్డాను. ఎవడు చెప్తాడు? అందరికీ బావ అనిపించుకోవాలనే ఉంది. నాకు మాత్రం కడుపు మండిపోయేది. నేను నాటిన చెట్టు, కాయలన్నీ స్టాండు కోసుకుంటోంది. అయినా సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, మట్టిదారి మీద ఆటో చప్పుడులో వెనక నుంచి "బావా, జర ఆగు" అని వినబడితే చాలు, ఆమె దిగి ఏదో తీగ ఆకు కోసుకుని వచ్చేదాకా హ్యాండిలు పట్టుకుని ఉత్తపుణ్యానికి నవ్వుతూ కూర్చునేవాణ్ని. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూ రెండు వారాలు గడిపాను.

గూడెంలో ఆడవాళ్లు మొదట్లో ఆమెతో ముక్తసరిగా మాట్లాడేవాళ్లు. ఆమె నన్ను బావా అనడం విన్నాక ఒక్కసారిగా నవ్వులు మొదలయ్యాయి. విత్తనాలు దాచిన సొరకాయ బుర్రలు ఒక్కొక్కటే దూలం మీద నుంచి దిగాయి. "మీ బావ మంచోడేనా పిల్లా?" అని ఒక అక్క అడిగితే, టాంజమ్మ బాగా ఆలోచించి, "మంచోడే. కాని బ్రేకులు బాగలెవ్వు," అంది. గూడెం గూడెమంతా పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. నవ్వుతూ అడిగేది: ఈ జొన్న ఎవరిచ్చారు, ఈ అనుములు ఎక్కడివి? వాళ్లు చెప్పేవాళ్లు: మా అమ్మ ఇచ్చింది, మా వదినె ఇచ్చింది, మా బావ తెచ్చిండు, అవతలి గూడెం బావ పంపిండు. ఆమె రాసుకునేది. నేను చెట్టు కింద ఆటోలో కాళ్లు చాపుకుని పడుకుని వినేవాణ్ని. విన్నాను, కానీ లెక్క కట్టలేదు. (లెక్కలకూ నాకూ పడదని ముందే మనవి చేశాను.)

ఒక ఆదివారం పొద్దున నాయనమ్మ అరుగు మీద, సిగ్నల్ దొరికే మూలన కూర్చుని, టాంజమ్మ హైదరాబాదులోని తన సారుతో ఫోన్లో మాట్లాడుతోంది. నేను వాకిట్లో ఆటో కడుగుతున్నాను. ఇంగ్లీషు. అందులో నాకు తెలిసిన మాటలు రెండే, ఒకటి సీడ్, రెండోది డ్రైవర్. ఆ రెండూ పక్కపక్కనే పడుతున్నాయి. సీడ్, డ్రైవర్. డ్రైవర్, సీడ్. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఏదో గొప్ప సంగతి కనిపెట్టిన మనిషి ముఖం. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. బస్సు పోని గూడేల్లో, ఎడ్లబండి పోని దారుల్లో, విత్తనాలన్నీ ఇంటింటికీ పంచుతున్నది డ్రైవర్లేనని ఆ పిల్ల సారుకు చెబుతోందని, ఎనిమిదో తరగతి దాటని నాకు కూడా అర్థమైపోయింది. అవతల సారు ఏదో అడిగాడు. ఆమె నోటుబుక్కు తిప్పి, 'బావ' అన్న మాట చదివి చెప్పింది. అవతల సారు నవ్విన నవ్వు వాకిట్లోకి వినబడింది. ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేసి కాసేపు పేజీలు తిప్పింది. రెండు వారాల పేజీలు. తర్వాత ఇంట్లోకి కేకేసింది: "నాయనమ్మా, బావ అంటే ఏంది?"

నాయనమ్మ చింతగింజల డబ్బా తెచ్చుకుని కూర్చుంది. ఏది చెప్పాలన్నా ఆమెకు గింజలు కావాలి. అరుగు మీద ఒక్కొక్కటే పెట్టింది. "ఇది నువ్వు బిడ్డా. ఇది మీ అక్క. అక్క మొగుడు నీకు బావ. ఇగో ఇది మీ నాయన, ఇది మీ నాయన చెల్లె. ఆమె నీకు మేనత్త. మేనత్త కొడుకు నీకు బావ. బావనైతే ఆట పట్టియ్యొచ్చు, తిట్టొచ్చు, లగ్గం గూడ చేస్కోవచ్చు."

"మరి డ్రైవర్?"

"డ్రైవర్ డ్రైవరే బిడ్డా. ఆనికి గింజ లేదు." అంటూనే నాయనమ్మ చెయ్యి ఆగింది. "ఎవడు చెప్పిండు నీకు?"

టాంజమ్మ చెయ్యెత్తి చూపించలేదు. ఊరికే వాకిట్లోకి చూసింది. నేను కడిగిన చక్రాన్నే మళ్లీ కడుగుతున్నాను.

"ఒరేయ్ కిరికిరీ, ఇటు రా," అంది నాయనమ్మ.

నాయనమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, వాటిలో కొన్ని మా తాతకు కూడా తగులుతాయి, లెక్కల పరీక్ష నాటి చేపల సంగతి కూడా అందులోనే బయటపడింది. అవి అయిపోయాక టాంజమ్మ మాట్లాడింది. అరవలేదు. "మా దేశంల గూడ ఆట పట్టించే వరసలు ఉంటయ్. మస్తు ఉంటయ్. కాని ఆడేటోళ్లు ఇద్దరికీ అది ఆట అని తెల్వాలె. నువ్వొక్కనివే ఆడినవ్." ఆ మాటకు నా దగ్గర జోకు లేదు. జేబులన్నీ తడుముకున్నాను, ఒక్కటీ లేదు. "తప్పయింది," అన్నాను. ఆమె ఒకటే అడిగింది. గూడెంలో ప్రతి ఇంటికీ మళ్లీ పోవాలి, రాసినదంతా మళ్లీ అడగాలి, ఎందుకు అడుగుతున్నదో గడప ముందు నిలబడి నేనే చెప్పాలి. "మరి నన్ను ఏమని పిలుస్తవ్?" అన్నాను, బుద్ధి లేక. నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. నాయనమ్మ గింజల్లాగే గీతలు గీసి, ఊళ్లో అందరి పక్కనా వరసలు రాసింది. నా పేరు పక్కన ఖాళీ వదిలింది. "తెల్వదు. తెలిసినదాంక, ఆటో."

మర్నాటి నుంచి స్టాండులో మీసాలాయన తాత అయ్యాడు, మిగతావాళ్లు మామలు, పెదనాన్నలు, చిన్నాన్నలు అయ్యారు. ఇస్త్రీ చొక్కాలు మాయమయ్యాయి. వాళ్ల దిగులు ఒక్క పూటలో తీరింది. నాది తీరలేదు. "ఆటో, పోదాం. ఆటో, జర ఆగు." అన్నా వద్దని ఎగిరినవాణ్ని, ఇప్పుడు 'అన్నా' అని పిలిచినా చాలని దారంతా అనుకునేవాణ్ని. గూడెంలో ఇంటింటి ముందూ నిలబడి, "అక్కా, నేను ఈ పిల్లకు అబద్ధం చెప్పిన. బావ అంటే డ్రైవర్ గాదు," అని చెప్పాను. మొదటి ఇంటి అక్క నన్ను ఎగాదిగా చూసి, "మాకు ఇయ్యాలనే తెలిసింది తమ్మీ. ఇన్నేండ్ల సంది డ్రైవర్నే కట్టుకున్ననని మురుస్తున్న," అంది. నేను తర్వాతి ఇంటికి చేరేలోపే ఆ మాట అక్కడికి చేరేది, నా కోసం చాటలో బొబ్బరికాయలు సిద్ధంగా ఉండేవి. "చెప్పుకుంట ఒలువు," అనేవాళ్లు. మూడు వారాలు ఒలిచాను. చివరి ఇంట్లో పళ్లు లేని అవ్వ నా మాటంతా విని, నన్నూ ఆ పిల్లనూ మార్చి మార్చి చూసి అడిగింది: "అంత మంచిగనే ఉన్నది గని, ఈ పిల్లకు నువ్వేమైతవ్ రా?" టాంజమ్మ రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఇంకా తెల్వదు అవ్వా," అంది. ఆ 'ఇంకా' అనే మాటను నేను ఇంటికి తెచ్చుకున్నాను. చాలా రోజులు దాచుకున్నాను.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. పొద్దున్నే గూడెం దారి పొడుగునా చెట్ల కింద ఆడవాళ్లు గంపలతో పూలు ఏరుతుండేవాళ్లు. ఆమె పని అయిపోవచ్చింది, నోటుబుక్కు నిండింది, ఖాళీ ఒక్కటే మిగిలింది. వారంలో వెళ్లిపోతుందనగా ఒక పొద్దున ఎవరూ లేని చెట్టు కింద ఆటో ఆపాను. ఇంజను కూడా బంద్ చేశాను, అది మొరాయిస్తే మళ్లీ స్టార్ట్ కాదని తెలిసి కూడా.

"ఏమైంది ఆటో?" అంది.

"ఏం గాలే. ఆ రోజు బావా అనమన్నది... అది ఉత్తగ జోక్ చెయ్యలే నేను."

ఆమె నా వైపు చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. నిజంగా అడిగింది: "మరి ఇప్పుడు చెప్తున్నది జోకా, కాదా?"

ఒక్క మాట. కాదు అంటే చాలు. కానీ పుట్టి ఇరవై మూడేళ్లలో నేను చెప్పినదాన్ని ఎవరూ అట్లా నిలబడి నమ్మలేదు. నమ్మేవాళ్లు ఎదురైతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. పైన కొమ్మ నుంచి ఒక పువ్వు ఆటో టాపు మీద టప్పున పడింది. "అవ్, జోకే," అన్నాను. నవ్వాను కూడా. ఆమె కింద రాలిన పూల వైపు చూసి, "కథలు పడకు, పోదాం," అంది. ఇంజను ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. దానికి ఎప్పుడు మొరాయించాలో కూడా తెలియదు.

ఖమ్మం స్టేషనులో నాయనమ్మ ఆమె చేతిలో చింతగింజల పొట్లం పెట్టింది. స్టాండు నుంచి వచ్చిన తాతకు, మామలకు పేరుపేరునా, వరసవరసనా చెప్పింది. చివర నేను. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరికి పోయాను. ఏదో ఒకటి అంటుందని, అన్నా అయినా సరేనని. "ఆటో," అంది, "బ్రేకులు బాగు చేపియ్యి." అంతే. తిరిగొస్తూ ఆ రోజే బాగు చేయించాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

తర్వాత నాకు లగ్గమైంది, కూతురు పుట్టింది, నాయనమ్మ పోయింది. నా భార్యకు ఈ కథంతా తెలుసు, తాలింపు వేస్తూ అప్పుడప్పుడు "ఆటో, ఉప్పు తే," అంటుంది. టాంజమ్మ వాళ్ల దేశంలో పాఠాలు చెప్పే టీచరమ్మ అయింది. పండగకో పబ్బానికో మెసేజి పెడుతుంది. మొన్న మొదటిసారి వీడియోలో ఫోన్ చేసింది. కాస్త లావైంది, కళ్లద్దాలు వచ్చాయి. మొదటి మాట "తిన్నవా?" నేను ఆగి, ఏం తిన్నానో, కారం ఎంత ఉందో మొత్తం చెప్పాను. చాలాసేపు నవ్వుకున్నాం. తన ఎదురుగా ఆ పాత నోటుబుక్కు ఉంది, ఆ పేజీ తెరిచి చూపించింది. పన్నెండేళ్లయినా నా పేరు పక్కన ఖాళీ అట్లాగే ఉంది. అది చూడగానే ఇరవై మూడేళ్ల ఆ వెధవ నాలో లేచి కూర్చున్నాడు. వాణ్ని చూస్తే నాకిప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. నా కూతురు అరుగు మీద నాయనమ్మ చింతగింజలతో ఆడుకుంటోంది. దాన్ని ఒళ్లోకి లాక్కుని, వంటింట్లోకి వినబడకుండా గొంతు తగ్గించి, "చిన్నమ్మకు నమస్తే చెప్పు బిడ్డా," అన్నాను. (చిన్నమ్మ అంటే వాళ్లమ్మకు చెల్లె. అప్పుడు నాకు ఏమవుతుందో మీరే గింజలు పెట్టుకుని చూసుకోండి.)

అవతల టాంజమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుంది. పెన్ను తీసి ఆ ఖాళీలో ఏదో రాసి, నోటుబుక్కు మూసి, నాతో కాదు, నా కూతురితో అంది:

"చిన్నమ్మ గాదు బిడ్డా, అత్త అను. మీ నాయన లెక్కల పరీక్ష నాడు చేపలు తింటుండె, ఆయనకు వరసల లెక్క ఇంకా రాదు."